ఆలస్యం లెక్క: వంశధార మొగ దగ్గర తెప్ప ప్రమాదం, ఊరి రక్షణ బృందం పనితీరుపై కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లాలో భావనపాడుకూ కళింగపట్నానికీ మధ్య ఉన్న ఒక మత్స్యకార గ్రామం నుంచి అక్టోబరు నెలాఖరున వేటకు బయలుదేరిన ఫైబర్ తెప్ప, ఇంజిన్ ఆగిపోయి, గాలికీ నీటికీ దక్షిణంగా కొట్టుకుపోయి, వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాల్లో తిరగబడింది. తెప్పలో ఉన్న నలుగురూ బతికారు. తెప్ప, ఇంజిన్, వల మూడూ పోయాయి. ఆ నలుగురినీ వెతికి ఒడ్డుకు చేర్చింది ఆ ఊరి స్వచ్ఛంద రక్షణ బృందం. ఆ బృందానికి శిక్షణ ఇస్తున్న వ్యక్తిగా, ఆ రోజు జరిగినదాన్ని అందులో ఉన్నవాళ్లందరితో కూర్చుని గంటల వారీగా రాసుకుని, ఇతర తీర గ్రామాల వారికి ఉపయోగపడుతుందని ఇక్కడ పెడుతున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు.

ఈ కేసులో ఈదిన వాళ్ల ధైర్యం గురించి ఊళ్లో చాలా చెప్పుకున్నారు, అందుకు వాళ్లు అర్హులే. అయితే నా దృష్టిలో ఆ నలుగురి ప్రాణాలు దక్కడానికి మొదటి కారణం ఒడ్డున ఉన్న ఒక రూళ్ల నోటు పుస్తకం. తెప్ప రావలసిన వేళకు రాలేదన్న సంగతి ఒడ్డుకు ఎంత త్వరగా తెలిసింది, తెలిసిన వెంటనే ఎవరు ఏం చేయాలన్నది ముందే తేల్చి ఉందా లేదా అన్నదే సముద్రంలో చాలా వెతుకులాటలను తేలుస్తుంది.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో ఏ జిల్లాకూ ఇంత పొడవైన తీరం లేదు. ఇంత తీరం ఉన్నా ఎక్కువ ఊళ్లలో తెప్పలు ఇసుక మీద నుంచే కెరటాలను దాటి వెళ్లాలి, ఇసుక మీదికే రావాలి. అందువల్ల ఇక్కడ ప్రమాదం నడిసముద్రంలో కన్నా కెరటం విరిగే ఆ చివరి రెండు మూడు వందల గజాలలో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఎక్కువగా పొంచి ఉంటుంది.

రెండో సంగతి వలస. వేట నిషేధం ముగిశాక, ఆగస్టు నాటికి, పడుచువాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కో మంగళూరుకో చెన్నైకో బోట్లలో పనికి వెళ్లిపోతారు. 2018 నవంబరులో గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలైన ఇరవైమంది ఆంధ్ర జాలర్లు అలా వలస వెళ్లినవాళ్లే, వాళ్లలో అత్యధికులు ఉత్తరాంధ్ర ఊళ్లవాళ్లే. ఈ వలసను లెక్కలోకి తీసుకోకుండా తయారుచేసిన రక్షణ బృందం కాగితం మీద ఎంత బలంగా కనిపించినా, తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలల్లో ఊళ్లో ఉండదు. ఆ నెలల్లో ఊళ్లో ఉండేది నలభై అయిదు దాటిన మగవాళ్లు, చదువుకునే పిల్లలు, ఆడవాళ్లు. ఈ ఊరి బృందాన్ని ఆ మూడు వర్గాల మీదే కట్టాము. తెప్పలు నడిపేది పెద్దవాళ్లు. ఫోన్లు, జీపీఎస్, తెప్పల మధ్య మాటలకు వాడే వీహెచ్ఎఫ్ రేడియో చూసేది కాలేజీ పిల్లలు. వేట పుస్తకం (పైన చెప్పిన నోటు పుస్తకం) రాసేది, ఎవరు ఆలస్యమయ్యారో తేల్చేది ఇద్దరు ఆడవాళ్లు.

ఆడవాళ్లకు ఈ పని అప్పగించడానికి ఒక గట్టి కారణం ఉంది. చేపలు కొని బుట్టలకెత్తేది వాళ్లు కాబట్టి తెప్పలు తిరిగొచ్చే వేళకు వాళ్లు ఎలాగూ ఒడ్డునే ఉంటారు. ఏ తెప్ప ఎవరిదో అంత దూరం నుంచి రంగును బట్టి, కెరటం మీద అది లేచే తీరును బట్టి చెప్పగలరు. ఏ తెప్ప రాలేదో మగవాళ్ల కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. ఇదివరకు లేనిదల్లా, తెలిసిన దాన్ని ఎవరితో చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న ఏర్పాటు.

వేట పుస్తకంలో ఒక్కో తెప్పకు ఒక్కో వరుస ఉంటుంది. తెప్ప రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కిన మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎన్ని లీటర్ల ఆయిల్ (ఇంజిన్ ఇంధనం) వేసుకున్నారు, ఏ వైపు పోతున్నారు, ఎన్నింటికి వస్తామన్నారు. వస్తామన్న వేళకు మరో గంట చూస్తారు. ఆ గంట దాటితే, ఇంటివాళ్లు వద్దన్నా, 'వచ్చేస్తాడులే' అని పెద్దలు అన్నా, ఫోన్లు చేయవలసిందే. ఈ చివరి షరతు మీద ఊళ్లో చాలా వాదన జరిగింది. తెప్ప కాస్త ఆలస్యమైనందుకే పోలీసులకు చెబితే నవ్వులపాలవుతామని కొందరు, పుస్తకంలో పేరు రాస్తే అరిష్టమని కొందరు అన్నారు. చివరికి ఒప్పుకున్నది కూడా పుస్తకం రాసేది తమ ఇళ్ల ఆడవాళ్లే కాబట్టి.

ఆ రోజు

తెప్ప తెల్లవారుజామున మూడున్నరకు నలుగురితో వెళ్లింది. నడిపేవాడు యాభై దాటిన మనిషి, మరో ఇద్దరు అతని తమ్ముడు, బావమరిది, నాలుగోవాడు ఇంటర్ చదివే మేనల్లుడు. తొమ్మిదిన్నరకు వస్తామని పుస్తకంలో రాయించారు. ఒడ్డుకు అయిదు కిలోమీటర్ల దూరంలో వల తీస్తుండగా ఏడున్నరకు వాళ్లను పక్క తెప్పవాళ్లు చూశారు. ఆ తర్వాత పావుగంటకు ఇంజిన్ ఆగింది. ఆయిల్‌లో నీళ్లు కలిశాయని తర్వాత తేలింది. క్యాను మూత సరిగా బిగియకపోతే కెరటాలు దాటేటప్పుడు ఎగిరిపడే నీరు లోపలికి దిగుతుంది, అడుగున చేరుతుంది, ఆయిల్ తగ్గేకొద్దీ ఇంజిన్‌కు అందేది ఆ నీరే.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. ఎనిమిదింబావుకు మరో ఊరి తెప్ప ఒకటి వాళ్లకు అరకిలోమీటరు దూరంలో వెళ్లింది. చొక్కా ఊపితే చూసేవాళ్లే. వీళ్లు ఊపలేదు. ఇంజిన్ ఇప్పుడే పడుతుంది కదా, పరాయి ఊరివాణ్ణి పిలిచి కట్టి లాగించుకుంటే అతని వేట పాడవుతుంది, ఆయిల్ డబ్బులు మనమే ఇవ్వాలి అనుకున్నారు. ప్లగ్గు విప్పి తుడిచి, మళ్లీ బిగించి, తాడు లాగుతూ గంటన్నర గడిపారు. ఉన్న రెండు ఫోన్లలో ఒకటి ఉప్పునీళ్లు తగిలి ఆగిపోయింది, రెండోదానికి ఛార్జింగ్ అయిపోయింది. లంగరు వేస్తే తాడు పొట్టిదై నేలను పట్టలేదు. ప్రమాదాల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది ఇదే. ఆపదను ఆపదగా ఒప్పుకోవడానికి పట్టే సమయమే అందులో పెద్ద భాగం. దాని వెనక మొండితనం కన్నా అప్పు ఎక్కువగా ఉంటుంది. ఇంజిన్, వల షావుకారు అప్పుతో కొన్నవైనప్పుడు వాటిని వదిలి ప్రాణం ముందు చూసుకోమని చెప్పడం తేలిక, చేయడం కష్టం.

ఒడ్డున తొమ్మిదిన్నర దాటగానే పుస్తకం రాసే ఆవిడ వస్తున్న ప్రతి తెప్పనూ అడగడం మొదలుపెట్టింది. ఏడున్నరకు ఎవరు చూశారో, ఎక్కడ చూశారో అలా తేలింది. పదిన్నరకు గడువు ముగిసింది. ఆమె కోస్ట్ గార్డ్ నంబరు 1554కు, మరో ఆవిడ మెరైన్ పోలీసుల 1093కు ఫోన్ చేశారు. అవతలి నుంచి అడిగినవి ఎంతమంది, ఏ రంగు తెప్ప, చివర ఎక్కడ ఎన్నింటికి చూశారు, ఆయిల్ ఎంత ఉంది. అన్నీ పుస్తకంలో చూసి చదివారు. సముద్రంలో వెతుకులాట సమన్వయం మన దేశంలో కోస్ట్ గార్డ్ బాధ్యత. అయితే విశాఖపట్నం నుంచి వంశధార మొగ సముద్ర మార్గాన వంద కిలోమీటర్లకు పైమాటే కాబట్టి, ఓడ బయలుదేరినా చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలను నింపగలిగేది దగ్గర ఉన్న ఊరివాళ్లే. అంతమాత్రాన ఫోన్ చేయకుండా మనమే వెతుకుదామనుకోవడం సరికాదు. ఊరి తెప్పలకు తప్పిపోయిన మనిషి సాయంత్రం వరకూ దొరక్కపోతే అప్పటికి ఓడో విమానమో ఆ ప్రాంతానికి చేరి ఉండాలి, అందుకు ఉదయమే కబురు అందాలి.

ఎక్కడ వెతకాలి

పది యాభైకి రెండు తెప్పలు, ఒక్కోదానిలో ముగ్గురు చొప్పున, లైఫ్ జాకెట్లు తొడుక్కుని బయలుదేరడానికి సిద్ధమయ్యాయి. కుర్రవాళ్లు ఏడున్నరకు చూసిన చోటుకే నేరుగా పోదామన్నారు. అక్కడే రేవులో కూర్చున్న ఒక పెద్దాయనను పుస్తకం రాసే ఆవిడ అడిగింది, 'మావా, ఈరోజు నీరెటు లాగతంది?' అని. 'కిందకి లాగతంది, గట్టిగా లాగతంది. మీరు పొద్దుట సూసిన కాడికెళ్తే అక్కడేటుంటాది? మొగ కాడికెల్లండి' అన్నాడాయన.

కిందకి అంటే దక్షిణానికి. ఆయన మాట వట్టి ఊహ కాదు. మన తూర్పు తీరం వెంబడి నడిచే సముద్ర ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అంటే ఒడిశా వైపు నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి, విశాఖ వైపు తిరుగుతుంది. వల ఎటు సాగుతుందో రోజూ చూసేవాళ్లకు ఇది పాఠం చెప్పనక్కరలేదు. ఆ రోజు గాలి కూడా ఈశాన్యం నుంచే వీస్తున్నందున రెండూ ఒకే వైపు తోస్తున్నాయి. గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున కొట్టుకుపోయిందనుకుంటే ఇంజిన్ ఆగి మూడు గంటలైన తెప్ప చూసిన చోటుకు ఏడెనిమిది కిలోమీటర్ల దక్షిణాన ఉండాలి. గాలిలో తూర్పు పాలు ఉన్నందువల్ల ఒడ్డుకు కూడా దగ్గరై ఉండాలి. కాలేజీ కుర్రవాడు ఫోన్‌లో మ్యాపు మీద గీత గీసి చూపించాడు. సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2016 నుంచి నడుపుతున్న 'సారత్' అనే సాధనం చేసేది కూడా మూలంలో ఈ లెక్కే, అయితే గాలినీ ప్రవాహాన్నీ నమూనాల నుంచి తీసుకుని చాలా జాగ్రత్తగా చేస్తుంది. కోస్ట్ గార్డ్ వాడేది అటువంటి సాధనాలనే. ఒడ్డున ఉన్న పెద్దాయన దగ్గర ఆ రోజు నీటి తీరు తెలుసు, కుర్రవాడి దగ్గర మ్యాపు ఉంది, పుస్తకంలో వేళ ఉంది. మూడింటిలో ఏది లేకపోయినా తెప్పలు ఉత్తరాన ఖాళీ నీటిని వెతుకుతూ ఉండేవి.

ఒక తెప్ప కెరటాలు విరిగే వరుసకు కాస్త బయటగా ఒడ్డు వెంట, మరొకటి దానికి రెండు కిలోమీటర్లు లోపలగా సముద్రంలో, రెండూ ఒకే వేగంతో దక్షిణానికి వెళ్లాయి. రెంటిలోనూ చేతి వీహెచ్ఎఫ్ రేడియోలు ఉన్నాయి. నీటి మట్టం మీద ఉన్న చిన్న తెప్పల మధ్య వాటి మాట ఎక్కువ దూరం పోదు. కానీ ఊళ్లో తుఫాను షెల్టర్ డాబా మీద నిలబడిన పిల్ల దగ్గర ఉన్న మరో రేడియోకు ఎత్తు కారణంగా రెండూ వినపడ్డాయి, ఆమె ఇటు మాట అటు అందించింది. ఛానెల్ 16ను, అంటే 156.8 మెగాహెర్ట్జ్‌ను, ఆపద కబుర్లకు వదిలేసి, మాటలకు వేరే ఛానెల్‌కు మారడం అనే క్రమశిక్షణను ఆమె మొదటి నుంచీ పాటించింది. శిక్షణలో అందరూ మరిచిపోయేది అదే.

మొగ దగ్గర

పన్నెండు దాటాక తెప్పను మొగ దగ్గర చూశారు. అప్పటికి అది తిరగబడి కొన్ని నిమిషాలే అయింది. మొగ దగ్గర నీరు ఎందుకంత ప్రమాదమో తెలియని వాళ్ల కోసం కొంచెం వివరించాలి. నది తెచ్చిన ఇసుక మొగ ముందు దిబ్బలుగా చేరుతుంది. అవి ప్రతి వరదకూ చోటు మారుతాయి, కనుక నిరుడు తెలిసిన దారి ఈ ఏడు దారి కాదు. బయటి నుంచి వచ్చే పెద్ద అల ఆ లోతు తక్కువ దిబ్బ మీదికి రాగానే నిలువుగా లేచి విరుగుతుంది. అక్టోబరులో గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలినప్పుడు, అందులోనూ పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గే) సమయంలో, నది నీరు బలంగా బయటికి వస్తుంది. లోపలికి వచ్చే అల, బయటికి పోయే నీరు ఎదురెదురు పడితే అల నిడివి తగ్గి, నిటారై, గోడలా నిలుస్తుంది. ఇంజిన్ లేని తెప్ప అక్కడ అలకు అడ్డం తిరగక తప్పదు. అడ్డం తిరిగితే బోల్తా పడక తప్పదు.

తెప్పలో రెండు లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ముందు పలక కింద, చోటు ఆక్రమించకుండా, నైలాన్ తాడుతో కట్టి ఉంచారు. మొగ కనబడినప్పుడు తమ్ముడు ఆ ముడి విప్పబోయాడు. నెలల తరబడి ఉప్పునీళ్లకు నాని ఎండి బిగిసిన ముడి గోళ్లకు ఊడలేదు, కత్తి వల కింద ఎక్కడో ఉంది. రెండు రోజుల తర్వాత ఇసుక మీదికి కొట్టుకొచ్చిన తెప్ప ముందు ముక్కలో ఆ రెండు జాకెట్లూ అదే ముడితో అలాగే ఉన్నాయి. నేను దాన్ని కత్తిరించకుండా ఉంచమన్నాను, ఇప్పుడు శిక్షణలో అందరి చేతికీ ఆ ముడిని ఇచ్చి విప్పమంటున్నాము.

పెద్దవాళ్లు ముగ్గురూ తిరగబడిన తెప్పను పట్టుకుని దిబ్బ అంచున ఉన్నారు. తెప్పను వదిలి ఒడ్డుకు ఈదబోకుండా పట్టుకుని ఉండటం వాళ్లు చేసిన అన్నింటికన్నా మంచి పని. ఒడ్డు దగ్గరగా కనబడుతుంది, ఈత వచ్చినవాడికి పోగలననిపిస్తుంది, మొగ దగ్గర అలా ఈదబోయినవాళ్లే ఎక్కువమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. కుర్రవాడికి మాత్రం తెప్ప అంచు తలకు తగిలి చెయ్యి జారింది. నది నీరు అతణ్ణి కాలువ వెంట బయటికి, అంటే వెతుకుతున్న తెప్ప వైపే తోసింది.

బృందానికి నేర్పిన మొదటి నియమం, రక్షించబోయిన తెప్ప కెరటాలు విరిగే చోటికి పోకూడదని. కళ్లెదుట తమవాళ్లు మునుగుతుంటే ఆ నియమం పాటించడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. వాళ్లు పాటించారు. ఒడ్డు వెంట వచ్చిన తెప్ప గాలికి ఎగువన, కెరటాలు విరిగే వరుసకు బయట లంగరు వేసి నిలబడింది. మూత బిగించిన ఖాళీ క్యాన్లు కట్టిన పొడవాటి తాడును నీళ్లలో వదిలారు. గాలి, అలలు ఆ క్యాన్లను దిబ్బ అంచు దాకా తీసుకెళ్లాయి. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు తాడు పట్టుకుంటే లాగి ఎక్కించారు. రెండో తెప్ప కుర్రవాడి వైపు వెళ్లింది. అతని దగ్గరికి వచ్చే ముందే ఇంజిన్ ఆపేసి తెడ్డుతో చేరారు. నీళ్లలో మనిషి పక్కన ఇంజిన్ ఫ్యాను తిరగకూడదన్నది రెండో నియమం.

ఊపిరి ముందు

కుర్రవాణ్ణి తెప్పలోకి లాగినప్పుడు అతనికి ఊపిరి ఆడటం లేదు. నీళ్లలో మునిగినవాడి గుండె ఆగేది ఊపిరి అందక. అందుకే మామూలు గుండెపోటుకు చెప్పే 'ఛాతీ నొక్కితే చాలు' అన్న పద్ధతి ఇక్కడ సరిపోదు, ముందు ఊపిరి పోయాలి. తెప్పలో ఉన్న యాభై ఏళ్ల మనిషి అతని తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ పైకి లేస్తోందో లేదో చూస్తూ అయిదుసార్లు నోటితో ఊపిరి పోశాడు. అప్పటికీ కదలిక లేకపోతే ముప్పైసార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊపిరి పోస్తూ, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై నొక్కుల వేగంతో, ఆపకుండా కొనసాగించాలి. అంతవరకు రాలేదు. అయిదో ఊపిరి తర్వాత కుర్రవాడు దగ్గి వాంతి చేసుకున్నాడు. వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టారు.

అసలు కష్టం కళింగపట్నం వైపు ఒడ్డున ఎదురైంది. గుమిగూడినవాళ్లలో కొందరు కుర్రవాణ్ణి కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తాలని, పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని ముందుకొచ్చారు. తీరంలో తరతరాలుగా చేస్తున్నదే అది, మంచి మనసుతోనే చేస్తారు. దానివల్ల ఊపిరితిత్తుల్లో నీళ్లు బయటికి రావు, పొట్టలో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, ఊపిరి పోయవలసిన నిమిషాలు వృథా అవుతాయి. తెప్పలో నుంచి దిగిన పెద్దమనిషి కుర్రవాడికి అడ్డంగా కూర్చుని, ఎవరు ఎంత అరిచినా, ఎవరినీ ముట్టనివ్వలేదు. 108లో శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. లేచి మాట్లాడుతున్నా ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో ఉంచి చూడటం అవసరం, ఎందుకంటే నీళ్లలో మునిగి తేరుకున్నవాడికి కొన్ని గంటల తర్వాత ఆయాసం ముదరవచ్చు. ఇతనికి ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. తర్వాత కోలుకున్నాడు.

తర్వాత మారినవి, మారనివి

ఊరివాళ్లు కూర్చుని తేల్చుకున్న వాటిలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేది ఆయిల్ నిధి. వేటకు వెళ్లిన ప్రతి తెప్పా కొంత వేస్తుంది. ఎవరి తెప్పనైనా, ఏ ఊరి తెప్పనైనా కట్టి లాగుకొస్తే లాగినవాడి ఆయిల్ ఖర్చు అందులో నుంచి ఇస్తారు. ఎనిమిదింబావుకు చొక్కా ఊపకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి దీనితో పోయింది. దాని పక్కనే ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. ఇంజిన్ ఆగి అరగంటలో పట్టకపోతే కనబడిన మొదటి తెప్పను పిలవాలి, నారింజ రంగు గుడ్డ ఎత్తాలి. ఆయిల్ క్యాను నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టంలో నీటిని వేరుచేసే ఫిల్టరు చాలా తెప్పలకు వచ్చింది. లంగరు తాడు పొడవు పెంచారు. ఫోన్లకు నీళ్లు దిగని సంచులు కొన్నారు.

జాకెట్ల విషయం అంత సులువుగా తేలలేదు. వల తీసేటప్పుడు జాకెట్ వేడి, వల కన్నులు దాని కట్లకు చిక్కుతాయి, చిక్కిన వల మనిషినే లాగుతుంది. ఈ అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి వేటంతసేపూ తొడుక్కోమని నేను పట్టుబట్టలేదు. కెరటాలు దాటి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు, మొగ దగ్గర, రాత్రిపూట, ఇంజిన్ ఆగిన క్షణం నుంచి తప్పనిసరిగా తొడుక్కోవాలని, మిగిలినప్పుడు చేతికందేలా, ముడి లేకుండా ఉంచాలని ఒప్పందం కుదిరింది. పెద్దవాళ్లలో సగం మంది పాటిస్తున్నారు. పిల్లలను తీసుకెళ్లే తెప్పలు మాత్రం అన్నీ పాటిస్తున్నాయి, పాటించని తెప్పను ఆడవాళ్లు పుస్తకంలో రాసుకోవడం లేదు, రాసుకోని తెప్పకు ఒడ్డున మాట పడుతోంది.

మిగిలిపోయినవి చాలానే ఉన్నాయి. పోయిన తెప్ప, ఇంజిన్ అప్పు ఆ కుటుంబం మీద ఇంకా ఉంది. రక్షణకు వెళ్లే ఆరుగురికీ బీమా లేదు. విపత్తుల్లో సాయానికి స్థానికులను తయారుచేసే ఆపద మిత్ర పథకం కింద శిక్షణ పొందిన వాలంటీర్లకు బీమా ఉంది గనుక ఈ బృందంలోని వాళ్లను అందులో చేర్పించే ప్రయత్నం సాగుతోంది. రాత్రి గడువు దాటితే ఏం చేయాలన్నది ఇంకా తేల్చుకోలేదు. చీకట్లో మొగ దాటి వెతకడానికి తెప్పలను పంపడం నాకు సమ్మతం కాదు. రాత్రి కబురు కోస్ట్ గార్డ్‌కు, మెరైన్ పోలీసులకు అందించి, షెల్టర్ మీద దీపం పెట్టి, ఒడ్డు వెంట మనుషులను నిలిపి, తెల్లవారగానే తెప్పలు దింపాలన్నది నా ప్రతిపాదన. ఊళ్లో సగం మంది అందుకు ఒప్పుకోవడం లేదు, తమవాడు నీళ్లలో ఉండగా ఎవరు ఒడ్డున కూర్చుంటారని అడుగుతున్నారు. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలల వేట నిషేధ కాలంలో వెరావల్ నుంచీ మంగళూరు నుంచీ కుర్రవాళ్లందరూ ఊరికి వస్తారు. ఆ చర్చ వాళ్ల ఎదుట మళ్లీ జరగాలని, తాడు, క్యాన్ల సాధన వాళ్లతో మొగ బయట పగటిపూట చేయించాలని నిర్ణయించాము.